యంత్రనాదం వెనుక చేతులు

ఈ శీర్షికను క్రమం తప్పక చదివే ఒక యువ సహోద్యోగి ఇటీవల మమ్ములను ఒక ప్రశ్న అడిగినారు. "పగలంతా ఆసిలేటర్లు, ఫిల్టర్లు, యాంప్లిఫయర్లతో సతమతమవుతారు గదా! సాయంత్రం ఇంటికి చేరి మళ్ళీ ఆ కూతలే వినడానికి సైన్స్ ఫిక్షన్ సినిమాలు పెట్టుకుంటారెందుకండీ?" అని. ప్రశ్న హాస్యానికి అడిగినదే అయినా సమాధానం చెప్పదగినదే. అందుచేత ఈ సంచికలో మన సాంకేతిక విషయాలను కొంత పక్కన పెట్టి, వైజ్ఞానిక కల్పనా చిత్రాలను గురించి, వాటి వెంట నడచిన ఎలక్ట్రానిక్ సంగీతాన్ని గురించి నాలుగు మాటలు ముచ్చటించదలచినాము. పక్కన పెట్టినామన్న మాటే గాని, పాఠకులు చదువుతూ పోయిన కొలదీ మన వృత్తి మళ్ళీ మళ్ళీ ఎదురుపడక మానదు.

జనక్‌పురిలో మా వంటి పిచ్చి గలవారు ఐదారుగురు ఉన్నారు. అందరూ ఇంజనీర్లే, ఒకరిద్దరు పదవీ విరమణ చేసినవారు. నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట చేరి ఒక చిత్రాన్ని చూస్తాము. చూస్తాము అనుట కంటె వింటాము అనుట సమంజసం. బొమ్మ ఎట్లున్నా, "ఈ ధ్వనిని ఎట్లా పుట్టించి ఉంటారు?" అన్నదే మా చర్చ. ఒకప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాలు 'స్టార్ ట్రెక్' వచ్చేది. దాని ప్రారంభ సంగీతంలో పైస్థాయిలో సాగే ఆ రాగం ఏదో విద్యుత్ పరికరానిదని చాలామంది శ్రోతల నమ్మకం. నిజానికి అది మనిషి గొంతు. లూలీ జీన్ నార్మన్ అనే గాయని మాటలు లేకుండా పాడిన ఆలాపన అది. మనిషి గొంతును యంత్రమనుకొనుట, యంత్రాన్ని మనిషి గొంతు అనుకొనుట ఈ రంగంలో మామూలే.

మన దేశంలో కథ మరింత చిత్రంగా మొదలైనది. భారతీయ శ్రోతలకు ఎలక్ట్రానిక్ ధ్వనిని ఇంటింటా పరిచయం చేసినది అంతరిక్ష నౌక కాదు, పాము! 1954లో వచ్చిన 'నాగిన్' హిందీ చిత్రంలో పాములవాని నాగస్వరంగా దేశమంతా మారుమ్రోగిన ఆ నాదం నాగస్వరం కానే కాదు. క్లావియోలిన్ అనే వాల్వులతో పనిచేసే చిన్న కీబోర్డుపై కల్యాణ్‌జీ వాయించినది. చిత్రానికి సంగీత దర్శకులు హేమంత్ కుమార్. నేటికీ పెళ్ళి ఊరేగింపులో బ్యాండువారు ఆ వరుస అందుకొనగానే కుర్రకారు చేతులను పడగ పట్టి ఆడతారు. వారు ఆడుతున్నది ఒక ఆసిలేటర్ పాటకు అని ఎవరైనా చెప్పినా వారు ఆగరు, ఆగనక్కరలేదు కూడా. మంచి ధ్వని తన పుట్టుకను దాచుకొనగలదు.

పాశ్చాత్య చిత్రాలలో ఈ పరంపరకు ఆది పురుషుడు రష్యన్ భౌతిక శాస్త్రవేత్త లెవ్ తెర్మెన్. 1920 ప్రాంతంలో ఆయన నిర్మించిన పరికరానికి ఆయన పేరు మీదుగానే థెరెమిన్ అన్న పేరు స్థిరపడినది. ముట్టుకోకుండా వాయించే వాద్యమిది. దీని సూత్రం మన తరంవారికి కొత్త కాదు. చిన్ననాట షార్ట్‌వేవ్ రేడియోలో స్టేషను కోసం ముల్లు తిప్పుతుండగా 'కుయ్య్' మంటూ పైకి క్రిందికి జారే ఈల వినని వారెవరు? రెండు అధిక పౌనఃపున్యాలు కలిసినప్పుడు వాటి మధ్య గల తేడా మన చెవికి ఈలగా వినవస్తుంది. తెర్మెన్ మహాశయుడు ఆ ఈలనే వాద్యం చేసినాడు.

కాగితం మీద ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. రెండు ఆసిలేటర్లు చెరి 500 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేస్తున్నవనుకొందాము. ఒకటి స్థిరం. రెండవదాని ట్యూనింగ్ సర్క్యూట్‌లో 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉన్నది. దానికి ఒక నిలువు యాంటెన్నా తగిలించి ఉన్నది. మనిషి చేయి ఆ యాంటెన్నాను సమీపించగా కెపాసిటెన్స్ పికోఫారడ్‌లో పదవ వంతు పెరిగినదనుకొంటే, పౌనఃపున్యం రెండువేలవ వంతు తగ్గుతుంది. అనగా 250 హెర్ట్జ్ తేడా. హార్మోనియం మీద ఒకటవ శ్రుతి షడ్జానికి దరిదాపు స్వరమిది. చేయి ఇంకా దగ్గరై మార్పు ఒక పికోఫారడ్‌కు చేరితే స్వరం 2,500 హెర్ట్జ్‌కు ఎక్కి కూర్చుంటుంది. గాలిలో గుప్పెడు దూరం మేర మూడు స్థాయిలకు పైగా సంగీతం ఇమిడి ఉన్నదన్నమాట! మన కొలత పరికరాలలో చేయి తగిలితే రీడింగు మారుతున్నదని విసుగుకొంటాము. ఆ లోపాన్నే ఒకాయన గుణంగా మార్చినాడు.

మా బృందంలో టెలిఫోన్ శాఖలో పనిచేసి విరమించిన మిత్రులొకరు ఎర్రకోట ఎదుటి లాజ్‌పత్ రాయ్ మార్కెట్లో విడిభాగాలు ఏరి తెచ్చి ఇంట్లోనే ఒక థెరెమిన్ కట్టినారు. ఒక శనివారం సాయంత్రం దానిని మ్రోగించగా, వీణ అభ్యసించిన ఆయన శ్రీమతి వంటింటి నుండి వచ్చి కొంతసేపు విన్నారు. "అన్నయ్యగారూ, దీనికి మెట్లు లేవు గదా! మెట్లు లేని చోట గమకానికి అడ్డేమున్నది? కాని నిలబడడానికి చోటు కూడా లేదు, పాపం" అన్నారు. మేము పది పుస్తకాలలో చదివిన విషయాన్ని ఆ ఇల్లాలు రెండు వాక్యాలలో తేల్చినది. థెరెమిన్‌లో జారుట సులభం; నిలుచుట కష్టం. ఆ నిలకడలేని తనమే దానిని అన్యలోకపు గొంతును చేసినది. 1951 నాటి 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' చిత్రంలో బెర్నార్డ్ హెర్మన్ రెండు థెరెమిన్లను వాడి, వాషింగ్టన్ నగరంలో దిగిన అంతరిక్ష నౌకకు, మాటాడని రోబోకు ప్రాణం పోసినాడు. అటుపై దశాబ్దం పాటు పరలోకవాసి తెరపైకి వస్తున్నాడంటే థెరెమిన్ కూయవలసినదే అన్నంతగా అది వాడుకయినది.

ఇక మేము ప్రతి ఇంజనీరూ ఒక్కసారైనా వినవలెనని కోరే చిత్రం 1956 నాటి 'ఫర్బిడెన్ ప్లానెట్'. పూర్తిగా ఎలక్ట్రానిక్ సంగీతంతో వెలువడిన తొలి పెద్ద చలనచిత్రమిది. చేసినవారు న్యూయార్క్‌కు చెందిన లూయీ బారన్, బీబీ బారన్ దంపతులు. వారికి సింథసైజరు లేదు. అప్పటికి అట్టిది బజారులో లేదు. నార్బర్ట్ వీనర్ రాసిన 'సైబర్నెటిక్స్' గ్రంథం చదివి, ప్రాణుల ప్రవర్తనను పోలిన సర్క్యూట్లను లూయీ కట్టేవాడు. వాటిని హద్దు మీరి నడిపితే అవి మూలిగేవి, అరిచేవి, చివరకు కాలిపోయేవి. ఆ ధ్వనులను టేపుపై పట్టి, గంటల తరబడి విని, ఏది సంగీతానికి పనికి వస్తుందో ఎన్నుకొనుట బీబీ పని. కాలిపోయిన సర్క్యూట్ మళ్ళీ అదే పాట పాడదు. కనుక ఆ చిత్రంలో మనం వినే ప్రతి నాదం ఒక్కసారే పుట్టి ఒక్కసారే గిట్టినది.

అంత చేసినా తెరపై వారికి సంగీత దర్శకులన్న పేరు దక్కలేదు. వాద్యకారుల సంఘంతో వివాదం వస్తుందన్న భయంతో నిర్మాణ సంస్థ వారి పనిని 'ఎలక్ట్రానిక్ టోనాలిటీస్' అన్న కొత్త మాటతో పేర్కొన్నది. అది సంగీతమని ఒప్పుకోలేదు గనుక సంగీతానికి ఇచ్చే ఆస్కార్ బహుమతికి పరిశీలన కూడా లేకపోయినది. ఇచట వాద్యకారుల సంఘాన్ని తప్పుపట్టుట మా ఉద్దేశం కాదు. నలభైమంది కూర్చుని వాయించే చోట ఇద్దరు వ్యక్తులు, కొన్ని వాల్వులు కూర్చుంటే ఆ నలభై ఇళ్ళలో పొయ్యి ఎట్లా వెలుగుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి మళ్ళీ వస్తాము.

పేరు విషయంలో ఇంతకంటె మన మనసుకు తగిలే ఉదాహరణ లండన్‌లో ఉన్నది. బి.బి.సి. ఒక ప్రభుత్వరంగ ప్రసార సంస్థ. అందులో 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అనే చిన్న విభాగాన్ని ఏర్పరచినారు. కార్యక్రమాలకు కావలసిన వింత ధ్వనులను తయారు చేయుట దాని విధి. కేంబ్రిడ్జ్‌లో గణితం, సంగీతం చదివిన డెలియా డెర్బిషైర్ ఆ విభాగంలో ఉద్యోగిని. 1963లో 'డాక్టర్ హూ' అనే ధారావాహిక కోసం రాన్ గ్రైనర్ అనే స్వరకర్త కాగితంపై ఒక వరుస రాసి ఇచ్చినాడు. దానిని నాదంగా మార్చవలసిన బాధ్యత ఆమెది. పరీక్షలకు వాడే ఆసిలేటర్ల ధ్వని, మీటిన ఒక తీగ ధ్వని, తెల్లరొద - వీటిని టేపుపై ఎక్కించి, వేగం మార్చి, ఒక్కొక్క స్వరానికి తగిన నిడివి టేపు ముక్కను కత్తిరించి, అతికించి, పొరలు పొరలుగా కలిపి ఆ సంగీతాన్ని నిర్మించినది. నేటి కంప్యూటరులో పూటలో అయ్యే పని అది. ఆమెకు కత్తెర, జిగురు పట్టీ, కొలబద్ద తప్ప వేరే ఆధారం లేదు. టేపు సెకనుకు పదిహేను అంగుళాలు నడిస్తే అర సెకను స్వరానికి ఏడున్నర అంగుళాల ముక్క కావలెను. ఆ లెక్క తప్పితే తాళం తప్పుతుంది.

ఫలితం విన్న గ్రైనర్ ఆశ్చర్యపడి, రాబడిలో సగం, కర్తృత్వంలో భాగం ఆమెకు చెందవలెనని కోరినాడు. సంస్థ నిబంధనలు ఒప్పుకోలేదు. విభాగంలోని ఉద్యోగుల వ్యక్తిగత నామాలను ప్రకటించుట అప్పటి విధానం కాదు. ఆమె 2001లో కన్నుమూసినది. 2013లో ఆ ధారావాహిక యాభయ్యేండ్ల ప్రత్యేక భాగం ప్రసారమైనప్పుడు గాని ఆమె పేరు తెరపై పడలేదు. మరణానంతరం ఆమె ఇంటి అటక మీద 267 టేపులు దొరికినవి; అవి మాంచెస్టర్ విశ్వవిద్యాలయం సంరక్షణకు చేరినవి. వర్క్‌షాప్ మాత్రం 1998లోనే మూతపడినది.

ప్రభుత్వరంగంలో జీవితం గడిపిన మనబోటివారికి ఈ కథ ఎవరిదో కథ అనిపించదు. డ్రాయింగుపై విభాగం పేరు ఉంటుంది, ఆమోదించిన అధికారి సంతకం ఉంటుంది. రాత్రి పదకొండు వరకు నిలిచి దోషం పట్టుకొన్న చేయి ఎవరిదో ఉండదు. ఇది ఏ ఒక్కరి దోషమూ కాదు. పెద్ద సంస్థ నడకే అట్లా ఉంటుంది. సమష్టిగా పనిచేసే చోట 'నేను' అనుట అమర్యాద అని మన పెద్దలు మనకు నేర్పినారు, అదీ నిజమే. కాని 'మేము' అనే మాటలో ఎవరెవరు ఉన్నారో ఎక్కడో ఒకచోట రాసిపెట్టుట అమర్యాద కాదు గదా!

సోవియట్ దేశపు ఉదాహరణ మరొక తీరుది. యెవ్గెని మూర్జిన్ అనే సైనిక ఇంజనీరు 1938లో ఒక ఊహ చేసినాడు. సినిమా ఫిల్ము అంచున ధ్వనిని వెలుగునీడలుగా ముద్రిస్తారు గదా. అట్లయితే వెలుగునీడలను చేత్తో గీసి ధ్వనిని ఎందుకు పుట్టించరాదు? ఉద్యోగం ఉద్యోగంగా, యుద్ధం యుద్ధంగా సాగుతుండగా, తీరిక వేళల్లో ఇరవయ్యేండ్లు శ్రమించి ఆ యంత్రాన్ని పూర్తి చేసినాడు. స్వరకర్త అలెగ్జాండర్ నికొలాయెవిచ్ స్క్రియాబిన్ గౌరవార్థం ఆయన పేరులోని తొలి అక్షరాలతో దానికి 'ఆన్స్' అని నామకరణం చేసినాడు. అయిదు గాజు చక్రాలు, ఒక్కొక్క దానిపై 144 ధ్వని వలయాలు, వెరసి 720 శుద్ధ స్వరాలు. నల్లని పూత పూసిన గాజు పలకపై స్వరకర్త గీకిన చోట వెలుగు దూరి, ఆ స్వరం పలుకుతుంది. ఒక స్థాయిని 72 భాగాలు చేసినారిందులో. 72 అనగానే మన పాఠకులకు మేళకర్తలు గుర్తుకు రావచ్చును. ఇది సంఖ్యాసామ్యమే గాని సంబంధం కాదు. అయినా పన్నెండు మెట్ల పియానోలో ఇమడని శ్రుతులు ఇందులో ఇముడుతవన్నది వాస్తవం.

తార్కోవ్‌స్కీ 1972లో తీసిన 'సొలారిస్' చిత్రానికి ఎదువార్ద్ అర్తెమ్యెవ్ ఈ యంత్రంతోనే సంగీతం కూర్చినాడు. ఆలోచించే సముద్రం ఒకటి మనుషుల జ్ఞాపకాలకు రూపమిచ్చే కథ అది. అందులో నీటి ధ్వనికి, సంగీతానికి మధ్య గీత ఎక్కడున్నదో చెప్పలేము. మూర్జిన్ 1970లోనే మరణించినాడు. తన యంత్రం ఆ చిత్రంలో పలుకగా వినే భాగ్యం ఆయనకు కలుగలేదు. ఆ యంత్రం మాత్రం మాస్కోలోని సంగీత వస్తు ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. ఎవరో ఒకరు దానిని తుక్కు కింద వేలం వేయక నిలిపినందుననే గదా!

మా బృందంలో ఎక్కువ ఓట్లు పడే చిత్రం మాత్రం 1982 నాటి 'బ్లేడ్ రన్నర్'. గ్రీకు స్వరకర్త వాంగెలిస్ సంగీతమది. స్వరలిపి చదవడం రాని ఆయన లండన్‌లోని తన స్టూడియోలో తెరపై బొమ్మ చూస్తూ కీబోర్డుపై వాయిస్తూ పోయేవాడు. ఆయన ప్రధాన వాద్యం యమహా సి.ఎస్.-80, బరువు సుమారు వంద కిలోలు. దాని ప్రత్యేకత చెప్పి తీరవలెను. స్వరం పలుకుతుండగా మెట్టును ఇంకా కొంచెం అదిమితే, అదిమిన ఆ ఒక్క స్వరం మాత్రమే ఉబ్బుతుంది, వణుకుతుంది. ఒక్కొక్క వ్రేలికి ఒక్కొక్క గొంతు ఉన్నట్లు. వానలో తడిసిన నగరంపై ఆ నాదం వ్యాపించినప్పుడు అది యంత్రపు ధ్వనియా, అలసిన మనిషి నిట్టూర్పా అన్న సందేహం వస్తుంది. కథలో ప్రశ్న కూడా అదే గదా! చిత్రం వచ్చిన పన్నెండేండ్లకు, 1994లో గాని ఆ సంగీతం వాంగెలిస్ సొంత ఆల్బమ్‌గా వెలువడలేదు. దూరదర్శన్‌లో కార్ల్ సాగన్ 'కాస్మోస్' చూసినవారికి ఆ స్వరకర్త అంతకు మునుపే పరిచితుడు. ఆ కార్యక్రమపు ముఖ్య సంగీతం ఆయన 1975 నాటి రచన. ఆయన 2022లో దివంగతుడైనాడు.

ఇక మన ఇంటి సంగతి. భారతదేశంలో ఎలక్ట్రానిక్ సంగీతం అనగానే సినిమా పాటలే గుర్తుకు వస్తవి. కాని 1969లోనే అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో ఒక మూగ్ సింథసైజరుతో స్టూడియో వెలిసినది. ఏర్పాటు చేయడానికి వచ్చినవాడు అమెరికన్ సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా ఇందులో పనిచేసినారు. జోషిపురా చేసిన ఒక రచన పేరు 'స్పేస్ లైనర్ 2001'! మనిషి చంద్రునిపై కాలు మోపిన ఆ రోజులలో, సబర్మతి ఒడ్డున ఒక యువకుడు ప్రయాణికుల అంతరిక్ష నౌకకు సంగీతం ఊహిస్తున్నాడు. కొద్ది ఏండ్లలోనే ఆ స్టూడియో కార్యకలాపాలు ముగిసినవి. టేపులు సంస్థ గ్రంథాగారంలో దశాబ్దాలు నిద్రించినవి. బ్రిటిష్ సంగీతకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికి తీసి, శుభ్రపరచి, 2023లో ప్రచురింపజేసినాడు. ఐదు దశాబ్దాల తరువాత వాటిని మేము విన్నాము. మన దేశపు ఆ ఎలక్ట్రానిక్ స్వరాలను వినడానికి మనకు అంతకాలం పట్టినది.

తెలుగు చిత్రసీమలో ఈ జాతి చిత్రాలకు మొదటి పీట 'ఆదిత్య 369'దే. 1991 జూలైలో విడుదలైనది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు, హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన 'టైమ్ మెషిన్' నవల ఆయనకు ప్రేరణ. కాలయంత్రం నాయకా నాయికలను 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి, అచటి నుండి అణుయుద్ధం ముగిసిన 2504కు చేర్చుతుంది. బాలకృష్ణగారు రాయలవారిగా, నేటి యువకునిగా రెండు పాత్రలు ధరించినారు. సమర్పణ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారిది. సంగీతం ఇళయరాజాగారిది. ఒక స్వరకర్తకు ఇంతకంటె కఠినమైన పరీక్ష ఏముంటుంది? ఒకే చిత్రంలో రాయల కొలువులో నాట్యానికి తగిన శాస్త్రీయ బాణీ కావలెను, తొంభయ్యవ దశకపు యువతకు హుషారు పాట కావలెను, అయిదు వందల ఏండ్ల తరువాతి భూగర్భ నగరానికి సింథసైజరు మ్రోత కావలెను. ఆ కాలంలో ఢిల్లీ తెలుగువారు వీడియో కాసెట్టు కోసం ఒకరి తరువాత ఒకరు వంతులు వేసుకొని చూసిన చిత్రమది. పెద్దలకు రాయలవారు, పిల్లలకు కాలయంత్రం, మాబోటివారికి ఆ యంత్రపు గూర్ణనం! 2025లో ఆ చిత్రం తిరిగి థియేటర్లకు వచ్చినది. నాడు పిల్లలుగా చూసినవారు తమ పిల్లలను వెంట తీసుకొని వెళ్ళినారు. సింగీతంగారు 2024లో విడుదలైన 'కల్కి 2898 ఏ.డి.' రచనకు కూడా మార్గదర్శకులుగా సహకరించినారన్నది అభిమానులకు సంతోషం కలిగించే సంగతి.

ఆ సంధికాలంలో యంత్రాలలోనూ మార్పు వచ్చినది. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న ఎఫ్.ఎమ్. పద్ధతి 1983లో యమహా డి.ఎక్స్.-7 రూపంలో బజారుకు వచ్చినది. రేడియో ప్రసారంలో మనకు తెలిసిన ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్‌నే చెవికి వినబడే పౌనఃపున్యాలలో చేస్తే గంటలు, కంచు, గాజు వంటి ధ్వనులు వస్తవి. ఆ ఏడే 'మిడి' ప్రమాణం వెలువడినది. సెకనుకు 31,250 బిట్ల వేగంతో, అయిదు పిన్నుల కనెక్టరు ద్వారా ఒక కీబోర్డు మరొక దానికి "ఈ మెట్టు నొక్కుము, ఇంత బలముతో నొక్కుము" అని చెప్పగలుగుతుంది. పోటీ సంస్థలు కలిసి కూర్చుని ఒప్పుకొన్న ప్రమాణమది. నాలుగు దశాబ్దాలు దాటినా నేటికీ వాడుకలో ఉన్నది. ప్రమాణాల కమిటీలలో కూర్చున్న మన పాఠకులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. దక్షిణాది చిత్రాలలో ఈ కీబోర్డుల వెనుక కూర్చున్న యువకులలో ఒకరు రాజ్-కోటి ద్వయం వద్ద పనిచేసిన దిలీప్. ఆయనే తరువాత ఎ.ఆర్. రెహమాన్ అయినారు.

ఈ చోట మన ప్రభుత్వరంగానికి గర్వకారణమైన ఒక పేరు తలచుకొనక తప్పదు. తమిళ పాఠకులు 'సుజాత' అనే కలం పేరుతో ఆరాధించిన రచయిత ఎస్. రంగరాజన్ వృత్తిరీత్యా ఇంజనీరు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో పనిచేసినారు. ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం రూపకల్పన, ఉత్పత్తి పర్యవేక్షణలో ఆయనకు భాగమున్నది. ఆయనే 1986లో కమల్ హాసన్ 'విక్రమ్' చిత్రానికి కథ రాసినారు. అపహరించిన క్షిపణి, కంప్యూటర్లు, వాటికి తగిన ఇళయరాజాగారి ఎలక్ట్రానిక్ బాణీ - నాటికి అది కొత్త రుచి. మనం 2010లో 'రోబో'గా చూసిన చిత్రపు రచనలోనూ ఆయన చేయి ఉన్నది. విడుదల చూడకుండా 2008లోనే కాలధర్మం చెందినారు. పగలు ఓటింగు యంత్రం, రాత్రి రోబో కథ! ఇంజనీరుకు కల్పనతో ఏమి పని అని అడిగేవారికి ఆ ఒక్క జీవితం చాలును.

ఇందాక విడిచిన ప్రశ్నకు వస్తాము. కీబోర్డులు వచ్చిన తరువాత మద్రాసు రికార్డింగు థియేటర్లలో వయొలిన్లు, వీణలు, తబలాలు పట్టిన ఎందరికో పని తగ్గినది. పదిమంది చేసే పని ఒకరు చేస్తే మిగిలిన తొమ్మిదిమంది ఏమయినారో పాట వినేవారికి తెలియదు. అభిమానం పేరిట దీనిని దాచుట ధర్మం కాదు. మా అభిప్రాయంలో భేదం ఇచట ఉన్నది. వయొలిన్‌కు బదులుగా, వయొలిన్ అని నమ్మించడానికి, ఖర్చు తగ్గించడానికి యంత్రాన్ని వాడుట ఒకటి. వయొలిన్ ఎన్నడూ చేయలేని నాదానికై యంత్రాన్ని ఆశ్రయించుట మరొకటి. మొదటిది ప్రత్యామ్నాయం, రెండవది వాద్యం. బారన్ దంపతులు, మూర్జిన్, డెలియా, వాంగెలిస్ ఎవరి కుర్చీనీ లాగుకొనలేదు. లేని కుర్చీ ఒకటి తెచ్చి వేసినారు. నేడు కంప్యూటరు తనంత తానే పాట కట్టే దశ వచ్చినది. ఎవరి పాటలు విని అది నేర్చుకొన్నదో వారి పేర్లు ఎక్కడా కనబడవు. 1956లో తెరపై దక్కని 'సంగీత దర్శకులు' అన్న పేరు, 1963లో నిబంధన ఒప్పుకోని పేరు - ఆ పాత కథే నేడు లక్షల పేర్లతో పునరావృతమవుతున్నది. అందుచేతనే ఈ అభిమానం కేవలం కాలక్షేపమని మేము అనుకోవడం లేదు.

మా యువ సహోద్యోగికి సమాధానం ఇప్పుడు చెప్పవచ్చును. ఈ చిత్రాలలో మేము వినేది కూతలు కావు. మనవంటివారి పని. సాధారణంగా మన పని సరిగా ఉంటే ఎవరికీ వినబడదు. రైలు సమయానికి వస్తుంది, దీపం వెలుగుతుంది, అంతే. ఈ చిత్రాలలో మాత్రం సర్క్యూట్ కట్టిన చేయి నేరుగా చెవికి తగులుతుంది.

పాఠకులకు ఒక మనవి. మీ విభాగంలో బీరువా ఖాళీ చేసే రోజు వచ్చినప్పుడు పాత నోటు పుస్తకాలను, టేపులను, చేతితో గీసిన సర్క్యూట్లను తూకానికి వేసే ముందు ఒక్క పూట ఆగండి. వాటిపై ఎవరి చేతిరాత ఉన్నదో గుర్తించగలవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వారిని అడిగి పేరు, సంవత్సరం ఒక కాగితంపై రాసి అంటించండి. పదవీ విరమణ సభలో కప్పే శాలువ కంటె ఆ కాగితం ఎక్కువ కాలం మన్నుతుంది. జనక్‌పురి మిత్రుల థెరెమిన్ పెట్టె లోపల కూడా ఒక చీటీ అంటించి ఉన్నది: కట్టినవారి పేరు, సాయపడినవారి పేర్లు, తేదీ. వీణ వాయించే ఆ సోదరి పేరు కూడా అందులో ఉన్నది. శ్రుతి సరిచూసినది ఆమెయే మరి.

మీకు నచ్చిన ఇట్టి చిత్రాలను, నాదాలను గురించి రాయగోరువారు సంపాదకవర్గం ద్వారా మాకు రాయవచ్చును. తీరిక చిక్కిన శనివారం జనక్‌పురికి వస్తే మరీ సంతోషం. చాయ్ మా వంతు.